సైటేషన్లు లెక్కపెట్టే ముందు వేరుచేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక తిరుపతి, చిత్తూరు జిల్లా పేజీల్లో 'ఫలానా అధ్యాపకుడికి వెయ్యి సైటేషన్లు', 'హెచ్-ఇండెక్స్ 18 సాధించిన ఆచార్యులు', 'ప్రపంచ 2 శాతం శాస్త్రవేత్తల్లో మనవాళ్లు' అనే వార్తలు తరచూ వస్తున్నాయి. 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం నడుస్తున్న ఊరు మనది. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ ఇప్పుడు ఏర్పేడు దగ్గరే ఉన్నాయి. చదువుకు సంబంధించిన సంగతి జిల్లా పేజీలో చోటు చేసుకోవడం మాకు సంతోషమే. అయితే ఆ వార్త బీజగణితంలో పనిచేసేవారి గురించి అయినప్పుడు అందులోని అంకె దాదాపు ఎప్పుడూ పాఠకుడిని తప్పుదోవ పట్టిస్తోంది. కొన్నిసార్లు లేని గొప్పను ఉన్నట్టు చూపిస్తోంది, చాలాసార్లు ఉన్న గొప్పను కనపడకుండా చేస్తోంది. ఈ అంకెలతోనే పదోన్నతులు, గైడ్‌షిప్‌లు, ప్రాజెక్టులు తేలుతున్నాయి కాబట్టి దీన్ని వివరంగా రాయాల్సి వచ్చింది.

తిరుమల పరకామణిలో కానుకలు లెక్కపెట్టే తీరు మనందరికీ తెలుసు. హుండీలోంచి వచ్చినదాన్ని వచ్చినట్టే లెక్కవేయరు. నోట్లు విడిగా, నాణేలు విడిగా, విదేశీ డబ్బు విడిగా, బంగారం వెండి విడిగా తీశాకే లెక్క మొదలవుతుంది. సైటేషన్లనూ అలాగే ముందు వేరుచేయాలి. బీజగణితంలో అయితే వేరుచేయని లెక్కకు అర్థమే లేదు.

సైటేషన్ అంటే ఒక పేపరు చివర ఉండే ఉపయుక్త గ్రంథాల పట్టికలో ఇంకొకరి పేపరు పేరు ఉండటం, అంతే. హెచ్-ఇండెక్స్ 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత. ఒకరి పేపర్లను ఎక్కువ సైటేషన్లు వచ్చినది ముందు ఉండేలా వరుసగా పేర్చి, వరుస సంఖ్య కన్నా సైటేషన్లు తగ్గకుండా ఉన్న చివరి పేపరు దగ్గర ఆగాలి. ఒకరికి ఎనిమిది పేపర్లున్నాయి, వాటికి 64, 21, 9, 6, 5, 3, 1, 0 చొప్పున సైటేషన్లు ఉన్నాయి అనుకుందాం. అయిదో పేపరుకు 5 ఉన్నాయి, ఆరోదానికి 3 మాత్రమే. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. మొత్తం సైటేషన్లు 109. ఇప్పుడు మొదటి పేపరుకు 64 బదులు 640 వచ్చినా హెచ్-ఇండెక్స్ 5 దగ్గరే ఉంటుంది. అంటే ఒక్క గొప్ప సిద్ధాంతం రుజువు చేసినవారిని ఈ కొలత గుర్తించదు. చిన్న చిన్న పేపర్లు విడవకుండా రాసేవారిని మాత్రం వెంటనే పైకి తెస్తుంది.

ఇంకో లెక్క చూడండి, ఎవరైనా కాగితం మీద వేసి సరిచూసుకోవచ్చు. ఒకరు 20 పేపర్లు రాశారు. ప్రతి కొత్త పేపరులోనూ తన పాత పేపర్లన్నిటినీ పట్టికలో చేర్చారు. బయటివారు ఒక్కరు కూడా వాటిని చదవలేదు. అప్పుడు మొదటి పేపరుకు 19 సైటేషన్లు, రెండోదానికి 18, అలా తగ్గుతూ ఇరవయ్యోదానికి సున్న. కూడితే 190. పదో పేపరుకు 10 ఉన్నాయి, పదకొండోదానికి 9. హెచ్-ఇండెక్స్ 10, గూగుల్ స్కాలర్ చూపించే ఐ10-ఇండెక్స్ (కనీసం పది సైటేషన్లున్న పేపర్ల సంఖ్య) కూడా 10. '190 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 10' అని ప్రెస్ నోట్ వస్తే అది వినడానికి ఘనంగానే ఉంటుంది. బీజగణితంలో నిజంగా మంచి పని చేసిన చాలామందికి పదవీ విరమణ నాటికి కూడా ఆ అంకె ఉండకపోవచ్చు. ముగ్గురు నలుగురు స్నేహితులు ఒకరి పేపర్లు ఒకరు చేర్చుకుంటూ పోతే ఈ అంకె ఇంకా త్వరగా పెరుగుతుంది, పైగా అప్పుడు అది స్వీయ సైటేషన్‌గా కూడా పట్టుబడదు.

స్వీయ సైటేషన్ అంతా తప్పని మేము అనడం లేదు. బీజగణితంలో ఒక సహాయక సిద్ధాంతాన్ని 2015లో రుజువు చేసి, దాని మీద 2019లో అసలు సిద్ధాంతం నిలబెట్టడం మామూలే. అక్కడ సొంత పేపరును చెప్పకపోతేనే తప్పు. ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి కాక ఎక్కడ ఉన్నాయన్నదాన్ని బట్టి చూడాలి.

ఈ 'ఎక్కడ' అన్నదే మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. బీజగణితం పేపరు ఏదైనా ఒకటి తెరవండి. మొదటి పేజీ ఉపోద్ఘాతంలో ఇలాంటి వాక్యం కనిపిస్తుంది: 'ఈ భావనను అనేకమంది అధ్యయనం చేశారు, చూడుము 3, 5, 7 నుంచి 19 వరకు.' ఆ ఒక్క వాక్యంతో పదిహేను పేపర్లకు తలా ఒక సైటేషన్ పడింది. రాసినవారు ఆ పదిహేనూ తెరిచి చూశారన్న హామీ ఏమీ లేదు. అదే పేపరులో ఆరో పేజీలో, రుజువు మధ్యలో, 'సిద్ధాంతం 2.4, 7వ పేపరు ప్రకారం ఈ ఐడియల్ ప్రైమ్ అవుతుంది' అని ఉంటుంది. ఇదీ లెక్కలో ఒక్కటే. కానీ ఈ ఏడో పేపరును తీసేస్తే రుజువు కూలిపోతుంది. మొదటిరకం మర్యాదకు పేరు చెప్పడం, రెండోరకం ఆ పని మీద నిలబడటం. సైటేషన్లు లెక్కగట్టే డేటాబేసులైన స్కోపస్ గానీ, వెబ్ ఆఫ్ సైన్స్ గానీ, గూగుల్ స్కాలర్ గానీ మొత్తం అంకెలో ఈ రెండింటినీ వేరుచేసి చూపవు. మనిషే తెరిచి చూడాలి. ఒక పండితుడి ముఖ్యమైన మూడు పేపర్లు తీసుకుని, వాటిని ఉదహరించిన పేపర్లలో ఒక ఇరవైని తెరిచి, ఆ నంబరు ఉపోద్ఘాతంలో ఉందా, రుజువులో ఉందా అని గుర్తు పెట్టుకుంటే చాలు. ఒక పూట పని. ఇరవైలో అయిదు రుజువులో కనిపించాయంటే అది చెప్పుకోదగ్గ పని.

ఇక కాలం సంగతి. మదనపల్లె టమోటా నాటిన రెండున్నర మూడు నెలలకు కోతకొస్తుంది. మామిడి అంటు నాటితే నాలుగైదేళ్లు ఆగాలి. రెండేళ్లకే తోటలోకి వెళ్లి కాయ లేదని చెట్టు కొట్టేసే రైతు చిత్తూరు జిల్లాలో ఎవరూ ఉండరు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మాత్రం సరిగ్గా రెండేళ్ల కొలత. ఒక జర్నల్ 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే, 2022, 2023లలో అందులో వచ్చిన పేపర్లకు 2024లో వచ్చిన సైటేషన్లను ఆ పేపర్ల సంఖ్యతో భాగించగా వచ్చేది. బీజగణితం జర్నల్‌కు పేపరు పంపితే రెఫరీ ప్రతి గీతనూ సరిచూడాలి. అందుకు ఎనిమిది నెలలు, ఏడాది పట్టడం వింతేమీ కాదు. సవరణ, అంగీకారం, అచ్చు కలుపుకుంటే రెండేళ్లు. దాన్ని చదివిన మరొకరు దానిమీద కొత్తగా ఏదైనా రుజువు చేయడానికి ఏడాది, వారి పేపరు ఇదే దారిలో అచ్చవడానికి మరో రెండేళ్లు. అప్పటికి మొదటి పేపరు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కలోంచి ఎప్పుడో జారిపోయింది. అందుకే జర్నల్ ఆఫ్ ఆల్జీబ్రా, కమ్యూనికేషన్స్ ఇన్ ఆల్జీబ్రా లాంటి పేరున్న జర్నళ్లకు కూడా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1కి అటూ ఇటూ తిరుగుతుంటుంది. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ తన మ్యాథమెటికల్ రివ్యూస్ కోసం వేసే కొలతలో రెండేళ్లు కాక అయిదేళ్లు తీసుకునేది కూడా ఈ కారణం చేతనే.

నిదానంగా కాపుకొచ్చే చెట్టుకు రెండు ఉదాహరణలు చెబుతాం. ఇంటర్ పిల్లలకు అవకలనంలో లబ్ధ సూత్రం తెలుసు: రెండు ప్రమేయాల లబ్ధాన్ని అవకలనం చేస్తే, మొదటిదాని అవకలజాన్ని రెండోదానితో గుణించి, మొదటిదాన్ని రెండోదాని అవకలజంతో గుణించి కూడుతాం. ఆ ఒక్క లక్షణాన్ని రింగుల్లోకి, అంటే కూడిక, తీసివేత, గుణకారం ఉండే నిర్మాణాల్లోకి, తెచ్చి 'డెరివేషన్' అన్నారు. 1957లో ఎడ్వర్డ్ పోస్నర్ ప్రొసీడింగ్స్ ఆఫ్ ద అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీలో ఎనిమిది పేజీల పేపరు రాసి, ప్రైమ్ రింగులు అనే ఒక తరగతిలో డెరివేషన్ ఎలా ప్రవర్తిస్తే ఆ రింగు స్థిత్యంతరం అయి తీరుతుందో చూపించాడు. స్థిత్యంతరం అంటే, బడిలో చెప్పినట్టే, వరుస మార్చి గుణించినా ఫలితం మారకపోవడం. ఆ పేపరు తర్వాతి దశాబ్దాల్లో ఒక శాఖకే పునాది అయింది. ఇవాళ మన దేశంలో రింగుల మీద పనిచేసే ఎంతోమంది పేపర్లలో ఆ పేరు కనిపిస్తుంది. 1959 నాటికే తూచి ఉంటే ఏం తేలేది?

రెండోది మన తెలుగు నేల మీదిదే. కె.ఎల్.ఎన్. స్వామి వాల్తేరు నుంచి 1965లో మథెమాటిషె అనాలెన్ అనే జర్మన్ జర్నల్‌లో, లాటిస్ క్రమమూ (ఏ రెండు మూలకాలకూ పైన అతిచిన్నదీ, కింద అతిపెద్దదీ ఉండే క్రమం) అర్ధసమూహ నిర్మాణమూ (సాహచర్యం ఉన్న ఒక పరిక్రియ) కలిసి ఉన్న ఒక కొత్త నిర్మాణం మీద పేపరు వేశారు. బూలియన్ బీజగణితాలను, లాటిస్ క్రమం ఉన్న సమూహాలను ఒకే గొడుగు కిందికి తేవడం దాని ఉద్దేశం. మూడు దశాబ్దాల తర్వాత, 1990లలో, చెక్ గణితవేత్తలు దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. బహుమూల్య తర్కానికి సంబంధించిన ఎంవీ-ఆల్జీబ్రాలు ఆ నిర్మాణాల్లో ఒక తరగతితో సమానమని యిర్జీ రాహూనెక్ 1998లో చూపించాడు. 1981లో యు.ఎం. స్వామి, జి.సి. రావు ఆస్ట్రేలియన్ మ్యాథమెటికల్ సొసైటీ జర్నల్‌లో ప్రవేశపెట్టిన 'ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్' సంగతీ ఇలాంటిదే. విభాజక లాటిస్‌కు ఉండాల్సిన నియమాల్లో మూడింటిని మాత్రం తప్పనిసరి కాకుండా వదిలారు: రెండు పరిక్రియల స్థిత్యంతరత్వాలు, ఒక కుడివైపు విభాగ న్యాయం. ఆ మూడింట్లో ఏ ఒక్కటి చేర్చినా మామూలు విభాజక లాటిస్ తిరిగి వచ్చేస్తుంది. ఎక్కడ కోత పెట్టాలో అంత కచ్చితంగా తెలిసిన నిర్వచనం కాబట్టే ఎన్నో పేపర్లకు, పీహెచ్‌డీలకు అది నేల అయింది. రాయలసీమ కాలేజీల్లో లాటిస్‌ల మీద పనిచేసే స్కాలర్లకు ఈ పేర్లు తెలుసు. జిల్లా పేజీ పాఠకులకూ తెలియాలని మా కోరిక.

మరి తప్పుడు రకం పేపరు ఎలా పుడుతుంది? చాలావరకు ఆశ వల్ల కాదు, తొందర వల్ల. ఒక నిర్మాణం తీసుకుంటారు, సెమీరింగ్ అనుకోండి. సెమీరింగ్ అంటే కూడిక, గుణకారం ఉండి తీసివేత ఉండాల్సిన అవసరం లేనిది. సహజ సంఖ్యలకు సున్న చేర్చితే అలాంటిదే. దానికి ఒక షరతు చేర్చి ఒక పేపరు, ఇంకో షరతు చేర్చి ఇంకో పేపరు. గామా-సెమీరింగ్, దాని మీద ఫజీ ఐడియల్, దాని మీద మళ్లీ మరో విశేషణం. సాధారణీకరణ బీజగణితానికి ప్రాణం, దాన్ని మేము తప్పుపట్టం. కానీ షరతులు ఒకదానిమీద ఒకటి వేసేటప్పుడు అసలు అలాంటి వస్తువు ఒకటైనా మిగిలిందా అని చూడకపోతే ఏమవుతుందో ఈ చిన్న ఉదాహరణలో తెలుస్తుంది.

ఒక సెమీరింగులో కూడిక స్వయంసమం అన్నారు. అంటే ప్రతి మూలకం 'క'కు క + క = క. మంచిదే, గరిష్ఠం తీసుకోవడం లాంటి కూడికలు ఇలాగే ఉంటాయి. అదే పేపరులో నాలుగు పేజీల తర్వాత కూడికలో కొట్టివేత నియమం కూడా ఉందనుకున్నారు. అంటే క + చ = క + ట అయితే చ = ట. అదీ విడిగా మంచిదే, సహజ సంఖ్యల్లో ఉంది. ఇప్పుడు రెండూ కలపండి. క + క = క. కుడివైపు క ని క + 0 అని రాయవచ్చు. కాబట్టి క + క = క + 0. రెండువైపులా ఒక క కొట్టేస్తే క = 0. మనం ఏ మూలకాన్ని తీసుకున్నా అది సున్నే! ఆ పేపరులో మిగిలిన సిద్ధాంతాలన్నీ ఒక్క సున్న ఉన్న సెమీరింగు గురించే. ప్రతి సిద్ధాంతమూ నిజమే, ఒక్కటీ ఏమీ చెప్పదు. నిజం పేపర్లలో ఈ తగాదా ఇంత బయటికి కనపడదు, మూడు నాలుగు షరతుల వెనక దాక్కుంటుంది. అందుకే మంచి రెఫరీ మొదట అడిగేది ఇదే: 'మీ షరతులన్నీ తృప్తిపరిచి, పాత తరగతిలో లేని ఒక ఉదాహరణ చూపండి.' రెండు మూడు మూలకాలతో కూడిక పట్టిక, గుణకార పట్టిక ఇస్తే చాలు. ఆ ఉదాహరణ లేని పేపరు ఎన్ని సైటేషన్లు తెచ్చుకున్నా ముందు దాన్ని పక్కన పెట్టి చూడాలి. స్కాలర్లకు మా మనవి కూడా ఇదే: సిద్ధాంతం రాసే ముందు ఉదాహరణ రాయండి.

పాయింట్ల పట్టిక గురించి చెప్పకుండా ఉండలేం. యూజీసీ 2018 నిబంధనల్లోని రీసెర్చ్ స్కోర్ పట్టికలో, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని రెఫరీడ్ జర్నల్‌కు 5 పాయింట్లు, 1 కన్నా తక్కువైతే 10, 1 నుంచి 2 వరకు 15, 2 నుంచి 5 వరకు 20, 5 నుంచి 10 వరకు 25, 10 దాటితే 30. ఇద్దరు రచయితలైతే ఒక్కొక్కరికి 70 శాతం. ఇద్దరికన్నా ఎక్కువైతే మొదటి లేదా ప్రధాన లేదా కరెస్పాండింగ్ రచయితకు 70 శాతం, మిగతావారికి తలా 30 శాతం. మన ప్రాంతపు గణిత శాఖల్లో ద్రవగతిశాస్త్రం వాళ్లూ బీజగణితం వాళ్లూ పక్కపక్క గదుల్లోనే ఉంటారు. నానోఫ్లూయిడ్ల మీద నలుగురు కలిసి రాసిన పేపరు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 6 ఉన్న జర్నల్‌లో వచ్చిందనుకుందాం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కింద వచ్చే పాయింట్లే చూస్తే మొదటివారికి 17.5, మిగతా ముగ్గురికి తలా 7.5. పక్క గదిలో ఇద్దరు కలిసి రెండేళ్లు కూర్చుని రుజువు చేసిన సిద్ధాంతం, 0.8 ఉన్న మంచి బీజగణితం జర్నల్‌లో వస్తే తలా 7. అవతలి పేపరులో నాలుగో పేరుకు వచ్చినంత కూడా ఇక్కడ సగం పని చేసినవారికి రాలేదు. ద్రవగతిశాస్త్రం వాళ్లు తక్కువ పని చేశారని మేము అనడం లేదు. ఆ రంగంలో పేపర్లు ఎక్కువ, సైటేషన్లు త్వరగా వస్తాయి, కాబట్టి అక్కడి 6కు, ఇక్కడి 0.8కు పోలికే లేదు.

రచయితల వరుసదీ ఇంకో చిక్కు. గణితంలో చాలావరకు పేర్లు ఇంగ్లిష్ అక్షరక్రమంలో వేస్తారు. వరుసకూ, పని భాగానికీ సంబంధం ఉండదు. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 2004లో ఈ విషయం మీద ఒక ప్రకటనే ఇచ్చింది. ముగ్గురు సమానంగా పనిచేసిన పేపరులో మొదటి అక్షరం కారణంగా ఒకరికి 70 శాతం, చివర ఉన్నావిడకు 30 శాతం వేయడం న్యాయం కాదు. మన విశ్వవిద్యాలయాల్లో స్కాలర్ పేరు ముందు, గైడ్ పేరు తర్వాత వేసే అలవాటు కూడా ఉంది కాబట్టి కమిటీ వాళ్లు ఊహించుకోకుండా ఆ పేపరుకు ఏ పద్ధతి వాడారో అడిగి రాసుకోవాలి.

పేర్ల గొడవ అక్కడితో ఆగదు. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరంగా. చివర రెడ్డి, రావు, నాయుడు, కుమార్, దేవి. అంతర్జాతీయ డేటాబేసులు చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటాయి. అప్పుడు ఒకే పొడి అక్షరం ఉన్న రావులు పదిమంది ఒకే ప్రొఫైల్‌లో కలిసిపోతారు. బీజగణితం ఆచార్యుల ఖాతాలో పశువైద్యం పేపర్లు, పాలిమర్ల పేపర్లు చేరడం ఇలాగే. రెండోవైపు, ఒకే మనిషి ఒక పేపరులో పొడి అక్షరం ముందు, ఇంకో పేపరులో వెనక రాసుకోవడం వల్ల నాలుగు ప్రొఫైళ్లుగా చీలిపోతారు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన అధ్యాపకురాళ్ల పేపర్లు సగం కనపడకుండా పోయేది ఈ కారణంతోనే. దీనికి మందు కష్టమేమీ కాదు. మొదటి పేపరు పంపే రోజే ఓఆర్‌సిఐడి అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య తీసుకోవాలి, ఉచితమే. పేరు ఒకే వర్ణక్రమంతో జీవితాంతం రాయాలి. గూగుల్ స్కాలర్ సెట్టింగుల్లో పేపర్లను తనంతట తాను చేర్చుకునే ఏర్పాటు తీసేసి, మెయిల్ పంపి అడిగే ఏర్పాటు పెట్టుకోవాలి. గణిత పేపర్ల సమీక్షలు నడిపే మ్యాథమెటికల్ రివ్యూస్ వారికి, జడ్‌బీమ్యాథ్ వారికి రాస్తే చీలిన ప్రొఫైళ్లను కలుపుతారు.

జర్నళ్ల పేరిట జరిగే మోసం గురించి విలేకరులకు పనికొచ్చే రెండు ముక్కలు. 'ఇంపాక్ట్ ఫ్యాక్టర్' అన్న మాటను ఇవాళ ఎవరైనా వాడేసుకుంటున్నారు. యూజీన్ గార్ఫీల్డ్ ప్రారంభించిన అసలు లెక్కను ఇప్పుడు క్లారివేట్ సంస్థ ఏటా జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఇస్తుంది. 2023 జూన్ విడుదల నుంచి దాన్ని దశాంశం తర్వాత ఒక్క స్థానంతోనే చూపిస్తున్నారు. కాబట్టి ఇటీవలి ఏడాదికి 'ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.429' అని కరపత్రంలో ఉంటే ముందు అనుమానించాలి. బీజగణితం పేపరును వారంలో అంగీకరించామన్న జర్నల్‌లో ఎవరూ రుజువు చదవలేదని అర్థం. యూజీసీ గుర్తించిన జర్నళ్ల పట్టిక అయిన యూజీసీ-కేర్ జాబితా కూడా 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది. 'కేర్ లిస్టులో ఉంది' అన్న ముక్క ఇక ఊతంగా పనికిరాదు, ఏ జర్నల్ మంచిదో విశ్వవిద్యాలయాలు, కాలేజీలే తేల్చుకోవాలి.

జర్నల్ నిజమైనదే అయినా దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను అందులోని ఒక పేపరుకు అంటగట్టడం తప్పే. అంతర్జాతీయ గణిత సంఘం మరి రెండు సంఘాలతో కలిసి 2008లో వెలువరించిన నివేదికలో దీన్ని లెక్కకట్టి చూపారు. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ వారి ట్రాన్సాక్షన్స్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వారి ప్రొసీడింగ్స్‌కు దాదాపు రెట్టింపు. అయినా రెండింట్లోంచి యాదృచ్ఛికంగా ఒక్కో పేపరు తీస్తే, ప్రొసీడింగ్స్ పేపరుకు అవతలిదానికి తగ్గని సైటేషన్లు ఉండే అవకాశం 62 శాతం. పోస్నర్ పేపరు వచ్చిందీ ఆ 'చిన్న' ప్రొసీడింగ్స్‌లోనే.

2 శాతం జాబితా గురించి కూడా ఒక మాట. దాదాపు బ్రహ్మోత్సవాల రోజుల్లోనే ఏటా ఈ వార్త వస్తుంటుంది. అది స్టాన్‌ఫర్డ్ ఇచ్చే బిరుదు కాదు. అక్కడి ఆచార్యుడు జాన్ ఐయోనిడిస్ బృందం స్కోపస్ వివరాలతో తయారుచేసే పట్టిక. అందులో మొత్తం జీవిత కృషికి ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి, స్వీయ సైటేషన్లు కలిపి, తీసి, ఇలా విడివిడి లెక్కలున్నాయి. ఏ లెక్కలో పేరొచ్చిందో రాయకుండా 'ప్రపంచ శాస్త్రవేత్త' అని రాస్తే పాఠకుడికి ఏమీ తెలియదు. ఇదే క్లారివేట్ 2023 నవంబరులో తన 'అత్యధికంగా ఉదహరింపబడిన పరిశోధకుల' జాబితా నుంచి గణితాన్ని మొత్తంగా తప్పించింది. గణితంలో సైటేషన్లు సహజంగానే తక్కువ కాబట్టి కొద్దిమంది కలిసి కొద్దిగా పెంచినా జాబితా తలకిందులవుతుందన్నది వారు చెప్పిన కారణం. లెక్కపెట్టడమే వృత్తిగా ఉన్న సంస్థ వెనక్కి తగ్గిన చోట జిల్లా పేజీ ముందుకు పోకూడదు.

విలేకరికైనా, సెలక్షన్ కమిటీ సభ్యుడికైనా చేతిలో ఉన్న సాధనం జడ్‌బీమ్యాథ్ ఓపెన్. 1931 నుంచి నడుస్తున్న సమీక్షల భాండాగారం, 2021 నుంచి అందరికీ ఉచితం. రచయిత పేరు కొడితే పేపర్ల సంఖ్య, సహరచయితలు, జర్నళ్లు, విషయ విభాగాల సంఖ్యలు వస్తాయి. 16 అంటే సహచర రింగులు, 13 స్థిత్యంతర బీజగణితం, 20 సమూహాలు, 06 లాటిస్‌లు. గూగుల్ స్కాలర్‌లో 120 పేపర్లు చూపిస్తున్నవారికి ఇక్కడ 15 మాత్రమే ఉంటే, మిగతా 105 ఎక్కడ అచ్చయ్యాయో అడగాలి. జవాబు సబబుగానే ఉండొచ్చు, కానీ అడగాలి. తర్వాత సమీక్ష తెరవండి. కింద సమీక్షకుడి పేరుంటే ఎవరో చదివి రాశారన్నమాట. రచయిత సారాంశాన్నే ఎత్తి పెట్టి ఉంటే ఇంకా ఎవరూ విడిగా రాయలేదన్నమాట. ఆ తర్వాత ఇందాక చెప్పిన ఇరవై పేపర్ల పరీక్ష. ఉదహరించినవాళ్లు ఒకే కాలేజీ వాళ్లా, వేరే దేశాల వాళ్లా, గైడు శిష్యులేనా అన్నది కూడా పక్కన రాసుకోండి.

అప్పుడు వార్త ఇలా వేయవచ్చు: 'కూడికలో స్వయంసమత్వం ఉన్న సెమీరింగుల్లో ఫలానా షరతు ఉంటే గుణకారం స్థిత్యంతరం అవుతుందని తిరుపతి అధ్యాపకురాలు రుజువు చేశారు. ఆ షరతు తీసేస్తే సిద్ధాంతం నిలవదని మూడు మూలకాల ఉదాహరణతో చూపించారు. ఈ ఫలితాన్ని ఇప్పటివరకు నాలుగు పేపర్లలో ఇతరులు తమ రుజువుల్లో వాడారు, అందులో రెండు ఆవిడతో ఎప్పుడూ కలిసి పనిచేయని వారివి.' ఇందులో హెచ్-ఇండెక్స్ లేదు, అయిదు వాక్యాలు కూడా లేవు. ఎమ్మెస్సీ చదివే పిల్లలు ఆ మూడు మూలకాల పట్టికలు వేసి చూస్తారు. పట్టికలు అచ్చు వేయడానికి రెండు అంగుళాల చోటు చాలు. ఆ చోటు ఇవ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
బీజగణితం బోధకులు, పరిశోధకులు కొందరం,
తిరుపతి.